బంగాళాదుంప అంటే బంగాళాదుంపే

నాకు ప్రాణప్రదమైన సినిమాల్లో మూడింట్లో బంగాళాదుంపలున్నాయి. ఒకదాంట్లో ఒకావిడ వంటింట్లో కూర్చుని వాటి తొక్క తీస్తుంది. ఇంకోదాంట్లో తండ్రీ కూతురూ వాటిని ఉడకేసుకుని చేత్తో తింటారు. మూడోదాంట్లో డెబ్భై దాటిన దర్శకురాలు పొలంలో పారబోసిన దుంపల కుప్పలోంచి గుండె ఆకారంలో ఉన్నవి ఏరుకుని ఇంటికి తెచ్చుకుంటుంది. ఈ సినిమాల గురించి ఎవరికి చెప్పినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే. "ఆ దుంప దేనికి ప్రతీక?"

దేనికీ కాదు. అది దుంప. ఈ మాట ఒప్పించడానికి నేను ఏళ్లుగా మనుషులతో పోట్లాడుతున్నాను. ఎక్కువగా మా తమ్ముడితో.

ఆర్ట్ సినిమా అంటే తాళం వేసిన పెట్టె అనీ, లోపల ఏదో అర్థం దాచిపెట్టి ఉంటుందనీ, తాళంచెవి ఉన్నవాళ్లు మేధావులనీ, లేనివాళ్లు బయట నిలబడాల్సిందేననీ ఒక నమ్మకం పాతుకుపోయింది. ఇలాంటి సినిమాలంటే పడనివాళ్లూ అదే నమ్ముతారు, ప్రాణమిచ్చేవాళ్లూ అదే నమ్ముతారు. ఎక్కువ చెరుపు చేసింది మాత్రం ప్రాణమిచ్చేవాళ్లమే. "కాస్త ఓపిక పట్టు, చివరికి అర్థమవుతుంది" అని చేదు మందు తాగించినట్టు బతిమాలుతాం. పాపం ఆ చూసేవాళ్లు కళ్ల ముందున్నది వదిలేసి, రాబోయే అర్థం కోసం మూడు గంటలు ఎదురుచూస్తారు. అది రాదు. వాళ్లకి కోపం వస్తుంది. రావడంలో న్యాయం ఉంది.

నిజానికి అర్థాలు విప్పుకునే పని మామూలు సినిమాలోనే ఎక్కువ. దీపం ఆరిపోతే ఎవరో పోయారని మనకి తెలుసు. రెండు పువ్వులు తలలు ఆనించుకుంటే ముద్దు పెట్టుకున్నారని తెలుసు. ఉరుము ఉరిమితే చెడు కబురు వస్తోందని తెలుసు. ఇవన్నీ చిన్నప్పటినుంచి వచ్చేసిన భాష కాబట్టి విప్పుకుంటున్నామన్న స్పృహే ఉండదు. నేను మొదట చెప్పిన దుంపల సినిమా, బెల్జియం దర్శకురాలు షంటాల్ అకెర్మాన్ తీసిన 'ఝాన్ డీల్మన్'లో కూడా దీపాలు ఆరిపోతూనే ఉంటాయి. ఎవరూ పోరు. అందులోని గృహిణి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తోంది, కరెంటు దండగని స్విచ్ తీసేస్తోంది. అంతే. ఈ రెండింట్లో ఏది సూటిగా మాట్లాడుతోందో చెప్పండి.

ఆ సినిమా 1975లో వచ్చింది. అసలు పేరులో ఆవిడ ఇంటి చిరునామా మొత్తం ఉంటుంది. నిడివి 201 నిమిషాలు. తీసేనాటికి అకెర్మాన్‌కి పాతికేళ్లు కూడా నిండలేదు. భర్త పోయిన ఒక గృహిణి, బడికి వెళ్లే కొడుకు, బ్రస్సెల్స్‌లో చిన్న ఫ్లాటు. ఆవిడ వంట చేస్తుంది, గిన్నెలు కడుగుతుంది, స్నానం చేసి తొట్టె రుద్దుతుంది, పక్క సర్దుతుంది, సంతకి వెళ్లొస్తుంది. రోజూ మధ్యాహ్నం ఒక మగవాడు వస్తాడు, డబ్బిచ్చి వెళ్తాడు. ఆ డబ్బు భోజనాల బల్ల మీదున్న పింగాణీ గిన్నెలో వేసి మూత పెడుతుంది. ఇలా మూడు రోజులు. కెమెరా కదలదు. ముఖానికి దగ్గరగా కూడా వెళ్లదు. సైట్ అండ్ సౌండ్ అనే బ్రిటిష్ సినిమా పత్రిక పదేళ్లకోసారి విమర్శకుల్ని అడిగి వేసే జాబితాలో 2022లో ఇదే మొదటి స్థానానికి వచ్చింది. ఒక మహిళ తీసిన సినిమా ఆ స్థానానికి రావడం అదే మొదలు. దాని మీద పెద్ద రభసే జరిగింది. ఆ రభస నాకు అక్కర్లేదు. ఏ సినిమా అన్నిటికన్నా గొప్పదో తేల్చడం వల్ల చూసేవాడికి ఒరిగేదేమీ లేదు, పైగా "మొదటి స్థానమట, చూద్దాం" అని కూర్చున్నవాడికి ఈ సినిమా ఇంకా కష్టమవుతుంది.

మొదటిసారి నేను నలభై నిమిషాలకే కట్టేశాను. కథ ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తూ కూర్చున్నాను, అదీ సంగతి. కొన్ని నెలల తర్వాత మళ్లీ పెట్టినప్పుడు కథ సంగతి వదిలేసి ఆవిడ చేతులు మాత్రం చూశాను. ఆ పాత్ర వేసిన డెల్ఫీన్ సేరిగ్ చేతులవి. గిన్నె ఎక్కడ పెడుతుంది, గుడ్డ ఎలా మడుస్తుంది, మూత ఎప్పుడు వేస్తుంది. గంట గడిచేసరికి ఆ ఇంటి పద్ధతి నాకు వచ్చేసింది. ఏ పని తర్వాత ఏ పనో ఆవిడకన్నా ముందు నాకే తెలుస్తోంది. రెండో రోజు మగవాణ్ణి సాగనంపి, డబ్బు పింగాణీ గిన్నెలో వేసి, అటు తిరిగింది. మూత పెట్టలేదు. ఒంటరిగా చూస్తున్నదాన్ని, "మూత!" అని పైకే అనేశాను.

ఒక గిన్నె మీద మూత లేకపోతే గుండె ఝల్లుమనడం నాకు ఏ థ్రిల్లర్‌లోనూ జరగలేదు. ఆ తర్వాత తెలుస్తుంది, పొయ్యి మీద దుంపలు మెత్తగా ఉడికిపోయాయని. ఆవిడ ఆ గిన్నె పట్టుకుని గదులన్నీ తిరుగుతుంది, ఎక్కడ పెట్టాలో తోచక. ఆ గిన్నె ఆవిడ జీవితానికి ప్రతీక అనొచ్చు. అని ఏం బావుకుంటాం? ఉడికిపోయిన దుంపల్ని చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషిని చూడటంలో ఉన్నది, ఆ వాక్యంలో లేదు. మూడో రోజు ఏం జరుగుతుందో ఇక్కడ చెప్పను. ఆ మూత సంగతి పట్టుకున్నవాళ్లకి అది హఠాత్తుగా జరిగినట్టు అనిపించదు.

మా తమ్ముడు వీడియో ఎడిటర్. రోజుకి పది గంటలు కట్ చేయడమే వాడి పని. వాడి వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. "అక్కా, షాట్ చెప్పాల్సింది చెప్పేశాక ఒక్క ఫ్రేమ్ ఎక్కువ ఉంచినా అది ఎడిటర్ తప్పు. దుంప తొక్క తీస్తోందని మొదటి నాలుగు సెకన్లలో తెలిసిపోయింది. మిగతాదంతా దేనికి?" అంటాడు. సరే, ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఆ దుంపల షాట్ పెట్టుకున్నాం, రెండో రోజుది, పాడైనవాటి బదులు కొత్తవి ఒలిచేది. మొదట వాడు రెట్టింపు వేగంలో పెట్టాడు. ఆ చెయ్యి యంత్రంలా ఆడింది. చకచకా తొక్క రాలింది. వాడన్నట్టే, సమాచారమేదీ తప్పిపోలేదు. తర్వాత మామూలు వేగంలో పెట్టాం. ఇప్పుడు మధ్యలో ఆవిడ చెయ్యి ఆగుతోంది. కత్తి దుంప మీదే ఉంది, చూపు ఎటో ఉంది. మళ్లీ మొదలుపెడుతుంది. రెట్టింపు వేగంలో ఆ ఆగడం వీడియో ఒక్క క్షణం అతుక్కున్నట్టు కనిపించి పోయింది. ఇక్కడ అది ఆలోచన. లేదా ఆలోచన రాకుండా ఆపుకోవడం.

తమ్ముడు ఏమీ అనలేదు. షాట్ వెనక్కి లాగి, ఆ ఆగిన చోట టైమ్‌కోడ్ చూసుకున్నాడు. నేను చెప్పదలుచుకున్నది అదే. షాట్ "దుంప తొక్క తీస్తోంది" అని చెప్పడానికి పెట్టింది కాదు. ఎంతసేపు తీస్తోంది అన్నది దాని విషయం. కాలాన్ని సంక్షేపంగా చెప్పలేం. పదేళ్లు గడిచాయని తెర మీద అక్షరాలు వేస్తే తెలుస్తుంది, అయిదు నిమిషాలు గడవడం మాత్రం అయిదు నిమిషాలు కూర్చుంటేనే తెలుస్తుంది.

దానికి వాడి దగ్గర ఇంకో బాణం ఉంది. "అలాగైతే సీసీ కెమెరా ఫుటేజీ అంత గొప్ప సినిమా ఇంకోటి లేదు. కెమెరా ఆన్ చేసి వదిలేయడం ఎవరైనా చేస్తారు."

ఇక్కడ నేను కొంత వెనక్కి తగ్గాలి. అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1964లో 'ఎంపైర్' అని ఒకటి తీశాడు. ఎంపైర్ స్టేట్ భవనాన్ని సాయంత్రం నుంచి రాత్రిదాకా ఒకే చోటి నుంచి తీసి, సెకనుకి 24 ఫ్రేములతో తీసినదాన్ని 16 ఫ్రేములతో నెమ్మదించి వేస్తారు. ఎనిమిది గంటల పైచిలుకు. నేను కొన్ని ముక్కలే చూశాను, మిగతాది చూడాలని లేదు. ఈ రెండు వాక్యాలు చదివాక మీకు 'ఎంపైర్' ముప్పాతిక వంతు అందినట్టే. అదొక ఆలోచన. ఆలోచనగా గొప్పదే, చెబితే చాలు. ఇలాంటి సినిమాలు పెట్టుకు కూర్చునే ముందు నేను వేసుకునే గీటురాయి ఇదే: మాటల్లో చెప్పేస్తే ఇంకా ఏమైనా మిగులుతుందా? 'ఝాన్ డీల్మన్' కథ మీకు దాదాపు మొత్తం చెప్పేశాను, అయినా మీరు ఏమీ చూడలేదు.

మరి 'బ్లూ' సంగతేంటని వాడడిగాడు. మంచి ప్రశ్న. డెరెక్ జార్మన్ 1993లో తీసిన ఈ సినిమాలో 79 నిమిషాల పాటు తెర మీద నీలం తప్ప ఇంకేమీ లేదు. బొమ్మే లేదు. ఎయిడ్స్ వల్ల చూపు పోతున్న మనిషి అతను. తన రోగం, ఆస్పత్రి గదులు, కంటిలో వేసే మందు, పోయిన స్నేహితుల పేర్లు, అతని మాటలుగా కొన్ని గొంతులు పలుకుతాయి. ఇంగ్లండ్‌లో చానల్ 4 ఆ నీలాన్ని చూపిస్తుంటే అదే సమయంలో బీబీసీ రేడియో 3 ఆ శబ్దాన్ని వినిపించింది. తర్వాత కొన్ని నెలలకే, 1994 ఫిబ్రవరిలో, జార్మన్ పోయాడు. ఒక్క వాక్యంలో చెప్పేయగల సినిమానే కదా ఇది కూడా? 'ఎంపైర్'కి పెట్టిన గీటు దీనికెందుకు పెట్టవు?

పెట్టి చూశాను. మొదట ఫోన్‌లో చూశాను, అది రేడియో నాటకంలా అనిపించింది. మాటలు బాగున్నాయి, నీలం అనవసరం. తర్వాత లైట్లన్నీ తీసేసి, గోడ నిండా ప్రొజెక్టర్‌తో వేసుకుని చూశాను. పావుగంట దాటాక ఆ నీలం నిలకడగా ఉండదు. అంచులు కదులుతాయి, మధ్యలో మరకలు తేలతాయి, రెప్ప వేస్తే నారింజ రంగు మెరుస్తుంది. కన్ను తనకి తానే బొమ్మలు పుట్టించుకోవడం మొదలుపెడుతుంది. చూపు చెడుతున్నవాడి గొంతు చెవిలో వినిపిస్తుంటే, మన కళ్లు మనల్ని మోసం చేస్తున్నాయి. ఇది వాక్యంలో లేదు. చీకటి గదిలోనే ఉంది. అందుకే 'బ్లూ' ఫోన్‌లో చూడొద్దని పోరుతాను. ఆ సౌకర్యం లేకపోతే కళ్లు మూసుకుని వినండి, పగలు సగం సగం వెలుతురులో మాత్రం చూడకండి.

సరే, రెండో దుంప. హంగరీ దర్శకుడు బేలా తార్ 2011లో తీసిన 'ద ట్యూరిన్ హార్స్'. దాదాపు రెండున్నర గంటల నలుపు తెలుపు సినిమా, మొత్తం 30 షాట్లు. 1889లో ట్యూరిన్ నగరంలో కొరడా దెబ్బలు తింటున్న గుర్రం మెడని జర్మన్ తత్వవేత్త నీషే కౌగలించుకున్నాడనీ, ఆ తర్వాత మతి చలించిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. సినిమా ఆ కథ చెప్పి, ఆ గుర్రం ఏమైందో తెలియదని వదిలేసి, గాలి హోరులో బండి లాగుతున్న ఒక గుర్రాన్ని చూపిస్తుంది. బండివాడికి ఒక చెయ్యి పని చెయ్యదు. కూతురు బట్టలు తొడుగుతుంది, బావిలోంచి నీళ్లు తోడుతుంది, రెండు దుంపలు ఉడికిస్తుంది. చెరొకటి. తండ్రి ఆ పొగలు కక్కే దుంపని ఒంటి చేత్తోనే తొక్క లాగి, వేళ్లు కాలుతుంటే ఊదుకుంటూ, ఆబగా నోట్లో కుక్కుకుంటాడు. అలా ఆరు రోజులు.

తార్ ఒక్కో రోజు భోజనం ఒక్కో చోటినుంచి తీశాడు. మొదటి రోజు మనకి కనిపించేది తండ్రి. మర్నాడు కూతురు. ఆ తర్వాత ఇద్దరూ. మొదటి రోజు తండ్రి తినే తీరు చూసి మృగంలా ఉన్నాడనుకుంటాం. మర్నాడు కూతురి వైపునుంచి చూస్తే, ఆమె నెమ్మదిగా, ముక్క ముక్క తుంచుకుని తింటోంది, ఆ ఎదురుగా ఉన్న మనిషి శబ్దం మాత్రం వినిపిస్తోంది. అదే దుంప, అదే బల్ల, కుర్చీ మారింది. నాటకాల్లో పాత్ర స్వభావం తెలియడానికి సంభాషణలు రాస్తారు. ఇక్కడ తినడం చాలింది.

అయితే ఈ సినిమా మీద తమ్ముడి ఫిర్యాదు నేను పూర్తిగా కొట్టిపారేయలేను. "ఆ గాలి హోరు, ఆ సంగీతం, అంతా కలిసి లోకం ముగిసిపోతోందని వంద సార్లు చెబుతున్నాయి. నువ్వేమో ఏమీ చెప్పదంటావు" అన్నాడు. నిజమే. మిహాలీ విగ్ సంగీతం ఒకే చుట్టు తిరుగుతూ మళ్లీ మళ్లీ వస్తుంది. మధ్యలో ఒక పొరుగువాడు సారా కోసం వచ్చి, లోకం ఎలా చెడిపోయిందో పెద్ద ఉపన్యాసం ఇచ్చి వెళ్తాడు. తండ్రి అదంతా చెత్త అని ఒక్క మాటతో తీసిపారేస్తాడు గానీ, ఆ ఉపన్యాసం లేకపోతే సినిమా ఇంకా బలంగా ఉండేదని నా గట్టి నమ్మకం. దుంప దగ్గర నమ్మకం ఉంచిన దర్శకుడు అక్కడ మాత్రం మన మీద నమ్మకం పోగొట్టుకున్నాడు.

ఆకలి గురించి మాట్లాడుతుంటే ప్రేమ్‌చంద్ కథ 'కఫన్' గుర్తు రాకుండా ఉండదు. గుడిసె లోపల కోడలు పురిటి నొప్పులతో చస్తోంది. బయట మామా, మొగుడూ దొంగిలించిన బంగాళాదుంపలు నిప్పులో కాల్చుకుని తింటుంటారు. నేను లోపలికి వెళ్తే నా వాటా రెండోవాడు తినేస్తాడేమోనని ఇద్దరూ కదలరు. లోకసాహిత్యంలో ఇంతకన్నా భయంకరమైన దుంప ఉందని నేననుకోను, అది కూడా దేనికీ ప్రతీక కాదు, ఆకలికి దొరికిన తిండి. ఆ కథనే మృణాల్ సేన్ 1977లో తెలుగులో 'ఒక ఊరి కథ'గా తీశాడు. బెంగాలీ దర్శకుడు, హిందీ కథ, తెలుగు మాటలు. వాసుదేవరావు వేసిన వెంకయ్య పాత్ర పని చెయ్యకపోవడాన్ని ఒక సిద్ధాంతంలా వాదిస్తుంది: పని చేసేవాడు బాగుపడ్డది ఎక్కడ చూశావు, నువ్వు చేసే పనితో లాభపడేది ఎవరు? ఆ తర్కంలో తప్పు పట్టుకోవడం కష్టం, దాని ఫలితాన్ని భరించడం ఇంకా కష్టం. అంతర్జాతీయ సినిమాల గురించి గంటలు మాట్లాడే మనవాళ్లలో ఈ సినిమా చూసినవాళ్లు తక్కువమందే తగులుతారు. అది నాకు నిజంగా బాధ.

ప్రతీకల జబ్బుకి మందు కావాలంటే రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ దగ్గరికి వెళ్లాలి. అందరికన్నా ఎక్కువగా అర్థాలు అంటగట్టింది అతని సినిమాలకే. 'స్టాకర్'లో (1979) ముగ్గురు మగవాళ్లు 'జోన్' అనే నిషేధిత ప్రాంతానికి వెళ్తారు. ఆ జోన్ దేనికి ప్రతీక అని అడిగి అడిగి ప్రాణం తీస్తే, జోన్ దేనికీ ప్రతీక కాదనీ, జోన్ జోనేననీ అతనే తన పుస్తకంలో విసుగ్గా రాసుకున్నాడు. అందులో వాళ్లు పట్టాల మీద చిన్న ట్రాలీ ఎక్కి వెళ్లే ఘట్టం ఉంది. కొన్ని నిమిషాల పాటు తలలే కనిపిస్తాయి. వెనక దృశ్యం మసక. చక్రాల టకటక ఒక్కటే వినిపిస్తుంది. వింటుండగానే ఆ టకటకలో ఏదో లోహపు నాదం కలుస్తుంది, ఎప్పుడు కలిసిందో చెప్పలేం. ఆ తర్వాత మట్టి రంగులో ఉన్న తెర ఒక్కసారిగా పచ్చబడుతుంది. అర్థం చెప్పమంటే నా దగ్గర లేదు. వచ్చేశాం అన్న భావన ఒళ్లంతా పాకుతుంది.

ఇంతవరకు చదివినవాళ్లు నన్ను నిలదీయాల్సిన సినిమా ఒకటుంది. సెర్గేయ్ పరజానోవ్ 1969లో తీసిన 'ద కలర్ ఆఫ్ పామెగ్రనెట్స్'. 18వ శతాబ్దపు ఆర్మేనియన్ కవి సయాత్ నోవా జీవితం, కానీ జీవితం ఎక్కడా చెప్పదు. కదలని కెమెరా ముందు గోడకి వేలాడదీసిన పటాల్లాంటి దృశ్యాలు. తెల్ల గుడ్డ మీద మూడు దానిమ్మపళ్లు, వాటి కిందినుంచి ఎర్రగా పాకే రసం. కవి యవ్వనాన్నీ అతని ప్రేయసినీ ఒకే నటి, సోఫికో చియావురేలీ, వేస్తుంది, ఇంకొన్ని పాత్రలు కూడా ఆమెవే. ఇక్కడ దానిమ్మ అంటే దానిమ్మే అని నేను ఎలా అనగలను? అనలేను. ఈ సినిమా నిండా ప్రతీకలే, అందులో చాలా భాగం ఆర్మేనియన్ సంప్రదాయం తెలిసినవాళ్లకే అందుతాయి. నాకు తెలియదు. అయినా పదిసార్లు చూశాను. తడిసిన గ్రంథాల్ని గుడి కప్పు మీద ఆరబెడితే, గాలికి వాటి పేజీలన్నీ ఒకేసారి రెపరెపలాడతాయి. పక్కన పడుకున్న పిల్లవాడు. ఆ పేజీల చప్పుడు వినడానికి నాకు ఏ సంప్రదాయమూ తెలియనక్కర్లేకపోయింది. అర్థం తెలియని భాషలో పాట నచ్చినట్టే ఇదీను. పరజానోవ్‌ని సోవియట్ ప్రభుత్వం 1973లో జైల్లో పెట్టింది. పేజీలు ఎండబెట్టి చూపించిన మనిషిలో వాళ్లకి ఏం భయం కనిపించిందో తలుచుకుంటే, ఈ రకం సినిమాలు ఎవరికీ పట్టవు అనేవాళ్ల మాట నేను నమ్మలేను.

ప్రతీక విషయంలో మా ఇద్దరి పక్షాలూ తారుమారైన సినిమా కూడా ఒకటుంది. అరవిందన్ 1977లో మలయాళంలో తీసిన 'కాంచన సీత'. సీతని అడవికి పంపేశాక, యాగానికి పక్కన బంగారు సీతని కూర్చోబెట్టుకునే రాముడి కథ. ఇందులో రాముడూ లక్ష్మణుడూ కిరీటాలు పెట్టుకున్న నటులు కారు, ఆంధ్రప్రదేశ్ అడవుల్లోని రామ చెంచు గిరిజనులు. సీత మనిషి రూపంలో ఎక్కడా కనిపించదు. గాలి వీస్తుంది, ఆకులు కదులుతాయి, అదే ఆమె. తమ్ముడికి ఇది పిచ్చిపిచ్చిగా నచ్చింది. "ఆకులు కదిలినప్పుడల్లా రాముడి ముఖం చూడు అక్కా" అంటాడు. నేనేమో, ముందే చెబితే తప్ప ఆ గాలి సీత అని తెలియదు, అది సినిమా బలహీనతే అంటాను. రామ చెంచుల్ని రాముడిగా నిలబెట్టడం మాత్రం నాకు ఆ గాలికన్నా వందరెట్లు పెద్ద సాహసం. ఎన్నో ఏళ్లుగా క్యాలెండర్లలో, పౌరాణికాల్లో చూసిన నీలి ముఖం స్థానంలో ఎండకి నల్లబడ్డ మామూలు మనిషి ముఖం. ఇదే రాముడు అని సినిమా అంటుంది. నమ్మడానికి పది నిమిషాలు పడుతుంది. నమ్మాక, సీతని పంపేసింది దేవుడు కాదు, ఒక మనిషి అని గుండెల్లో గుచ్చుకుంటుంది.

మణి కౌల్ 'ఉస్కీ రోటీ' గురించి కూడా ఒక మాట. బస్సు నడిపే భర్త కోసం రొట్టెలు కట్టుకుని దారిలో ఎదురుచూసే భార్య కథ. నాకు ఆమె చేతులూ ఆ దారీ ఇష్టం, గొంతులో ఏ భావమూ పలకని ఆ మాటలు మాత్రం మూడుసార్లు ప్రయత్నించినా లోపలికి ఇంకలేదు. ఇష్టపడేవాళ్లు నాకు చెప్పండి, నిజంగా వింటాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వీటిలో ఏదీ ముందు చూడకండి. క్రిస్ మార్కర్ 'లా జెతే' చూడండి. 1962, 28 నిమిషాలు. అంతా నిశ్చల ఫొటోలే, ఒకదాని తర్వాత ఒకటి. ఒక్క చోట, ఒకే ఒక్క చోట, నిద్రలోంచి లేస్తున్న ఆమె కళ్లు తెరిచి రెప్పలాడిస్తుంది. అక్కడ బొమ్మ కదులుతుంది. కొన్ని సెకన్లే. సినిమా అంటే కదిలే బొమ్మ అని మనం మరిచిపోయాం, ఆ రెప్పలు గుర్తుచేస్తాయి. దాని తర్వాత ఇరాన్ దర్శకుడు కియరొస్తామి 'క్లోజప్' (1990). తాను దర్శకుడు మొహ్సెన్ మఖ్మల్‌బాఫ్‌నని చెప్పుకుని ఒక కుటుంబాన్ని నమ్మించిన సబ్జియాన్ అనే పేదవాడి నిజం కథ. అసలు విచారణనే కెమెరా పెట్టి తీశారు, మిగతా ఘట్టాల్లో ఆ మనుషులే తమ పాత్రలు తామే వేశారు. అతణ్ణి అరెస్టు చేయడానికి పోలీసులు లోపలికి వెళ్తే కెమెరా వీధిలోనే ఉండిపోయి, ఖాళీ స్ప్రే డబ్బా ఒకటి ఏటవాలు రోడ్డు మీద దొర్లుకుంటూ పోవడాన్ని చివరిదాకా చూస్తుంది. ఆ డబ్బా దేనికి ప్రతీక అని మాత్రం అడగకండి. చప్పుడు వినండి.

తార్ తీసిన ఏడు గంటలు దాటే 'సతాన్‌టాంగో' మాత్రం పంతానికి పోయి మొదటే పెట్టుకోవద్దు. ఓర్పు పరీక్షలా చూసేవాళ్లకి అది పరీక్షగానే మిగులుతుంది.

మూడో దుంప మిగిలింది. ఫ్రెంచి దర్శకురాలు ఆన్యెస్ వర్దా 2000లో చిన్న డిజిటల్ కెమెరా పట్టుకుని తీసిన 'ద గ్లీనర్స్ అండ్ ఐ'. కోతలయ్యాక పొలంలో రాలిన పరిగె ఏరుకునేవాళ్ల గురించి. పరిగె అనే మాట మనకుంది కాబట్టి ఈ సినిమా మనకి ఎవరూ వివరించనక్కర్లేదు. సైజు మరీ పెద్దవనీ, వంకరవనీ పారబోసిన టన్నుల కొద్దీ దుంపల దగ్గరికి వెళ్లి ఆవిడ గుండె ఆకారంవి ఏరుకుంటుంది. ఒక లాయరు నల్లకోటు వేసుకుని పొలం మధ్యలో నిలబడి పరిగె ఏరుకోవడం గురించి చట్టం ఏమంటుందో చెబుతాడు. సంత ముగిశాక నేల మీద మిగిలిన ఆకుకూరలు తింటూ కనిపించిన ఒకతను, రాత్రిళ్లు వలస వచ్చినవాళ్లకి ఉచితంగా భాష నేర్పుతుంటాడు. మధ్యలో వర్దా ఒక చేత్తో కెమెరా పట్టుకుని రెండో చేతిని తీస్తుంది. ముడతలు, మచ్చలు. తన చెయ్యే తనకి తెలియని జంతువులా ఉందంటుంది. ఏరుకొచ్చిన దుంపలు ఇంట్లో మొలకలెత్తి, ముడుచుకుపోయి, ముసలివైపోతాయి. వాటినీ అంతే ప్రేమగా తీస్తుంది. ఈ సినిమా చూసి ఏడ్చాను, ఆవిడ ఒక్క చోట కూడా ఏడవమని అడగలేదు.

'ద ట్యూరిన్ హార్స్' తమ్ముడు నాతో కలిసి సగమే చూశాడు. పోయిన నెల ఒక్కడే కూర్చుని మిగతా సగం చూసి, రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు.

"అక్కా, ఆఖరి రోజు కూతురు దుంప ముట్టుకోలేదు, గమనించావా?"

"గమనించాను. బతకాలన్న కోరికే పోయింది రా ఆ పిల్లకి."

"కాదు. నిప్పు ఆరిపోయింది. దుంప ఉడకలేదు. పచ్చి దుంప ఎలా తింటుంది?"

"తండ్రి కొరికాడుగా? తినాలి అన్నాడుగా?"

"కొరికాడు. ఆ చప్పుడు విన్నావా? పచ్చిది. అందుకే ఆమె తినలేదు. దుంప అంటే దుంపే అని నాకు చెప్పింది నువ్వు."

ఫోన్ పెట్టేశాక ఆ చివరి షాట్ మళ్లీ వేసుకున్నాను. చీకట్లో ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. తండ్రి పంటి కింద దుంప విరిగిన చప్పుడు స్పష్టంగా ఉంది, ఇన్నిసార్లు చూసి నేను దాన్ని సరిగ్గా వినలేదు. కూతురి ముఖం చూస్తే నా మాటే నిజమనిపిస్తోంది, ఆ చప్పుడు వింటే వాడి మాట. ఆదివారం వాడొస్తానన్నాడు. మొదటి రోజు నుంచి మళ్లీ చూస్తాం.